బాటిల్లో పట్టే ఇంధనం

ఊరి కిరాణా కొట్టు ముందు బల్ల మీద వరసగా నిలబెట్టిన కూల్‌డ్రింక్ బాటిళ్లు మీరూ చూసే ఉంటారు. లోపల లేత నారింజ రంగు. ఊరికి కొత్తవాళ్లు దాహమేసి చెయ్యి చాపబోతే కొట్టాయన నవ్వుతాడు. అది పెట్రోలండీ. బంకు పది కిలోమీటర్ల అవతల ఉన్న ఊరికి ఆ బల్లే బంకు. లీటరు మీద పదో పదిహేనో ఎక్కువ తీసుకుంటాడు. చట్టం ఒప్పుకోదు. బంకుల దగ్గర ‘బాటిళ్లలో పెట్రోలు పోయబడదు’ అని బోర్డు కూడా ఉంటుంది. అయినా అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా నొప్పులొచ్చినా, పొలం గట్టు మీద బండి ఆగిపోయినా ఆ బాటిలే దిక్కు. చట్టాన్ని నేను తప్పుపట్టను. ఆ బాటిళ్లతో మనుషులు ఎంత ఘోరాలు చేశారో పేపర్లలో చదివినవాళ్లమే. నేను చెప్పబోయేది వేరే.

రేపటి మోటార్ సైకిల్ దేనితో నడుస్తుంది? నలుగురం చేరి టీ తాగితే చాలు, ఈ వాదన వస్తుంది. ఒకరు కరెంటంటారు, ఇంకొకరు గ్యాసంటారు, మూడో ఆయన హైడ్రోజన్ అంటాడు. ఆయన దేంట్లోనైనా రెండాకులు ఎక్కువ చదివిన మనిషి. అందరూ మాట్లాడేది ఇంజను గురించి, మైలేజీ గురించి. నా ధ్యాస మాత్రం ఆ బల్ల మీదే. పెట్రోలు నూరేళ్లకు పైగా మోటార్ సైకిల్‌ని ఏలిందంటే, అందులో దాని మండే గుణం గొప్ప సగమే. మిగతా సగం, అది బాటిల్లో పడుతుంది. మూత బిగిస్తే చెప్పిన మాట వింటుంది. గరాటు లేకపోతే పాత పేపరు పొట్లంలా చుట్టి పోసుకోవచ్చు. ఆగిన బండిని ఓ పక్కకి పడుకోబెట్టినంత వంచి, ట్యాంకు అడుగున దాక్కున్న నాలుగు చుక్కల్ని కార్బురేటర్‌లోకి జార్చి బంకు దాకా చేరిన అనుభవం మీకు లేదంటే, మీరు నిన్నో మొన్నో బండి కొన్నారన్నమాట. అందుకే కొత్త ఇంధనం ఏది వచ్చినా నేను అడిగేది ఒకటే. బండి ఆగినచోట ఇది నాకెలా దొరుకుతుంది?

ప్రత్యామ్నాయ ఇంధనం అంటే ఇదేదో నిన్నటి వింత కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి రేషన్ పెట్టినప్పుడు మన రోడ్ల మీద బొగ్గు బస్సులు తిరిగాయి. బస్సు వెనక నిలువెత్తు పొయ్యి. క్లీనరు తెల్లారకముందే లేచి, బొగ్గు రాజేసి, చక్రం తిప్పి గాలి కొడితే గ్యాసు పుట్టేది, ఆ గ్యాసుతో ఇంజను నడిచేది. యుద్ధమైపోయి పెట్రోలు దొరకడం మొదలయ్యాక ఆ పొయ్యిని ఎవరూ అట్టేపెట్టుకోలేదు. తర్వాత ఆటోల్లో కిరసనాయిలు కలిపే కాలం వచ్చింది. వెనక వెళ్లేవాళ్లకి కళ్ల మంట, ఆటోవాలాకి నాలుగు డబ్బులు మిగులు. దాన్నెవరూ ప్రత్యామ్నాయ ఇంధనం అని గౌరవించలేదు గానీ, నిజానికి అదీ అదే.

డీజిల్ బుల్లెట్ సంగతి మాత్రం ప్రేమగా చెప్పుకోవాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ ‘టారస్’ అనే పేరుతో కంపెనీ నుంచే డీజిల్ బండి అమ్మింది. గ్రీవ్స్ లోంబార్డినీ వాళ్ల 325 సీసీ ఇంజను, ఆరున్నర హార్స్ పవర్. గంటకి 65 కిలోమీటర్లు దాటమంటే దండం పెట్టేది. కానీ లీటరు డీజిల్‌కి 70 కిలోమీటర్ల పైనే ఇచ్చేది. రైతు ఇంట్లో పంపుసెట్టు కోసం డీజిల్ క్యాను ఎలాగూ ఉంటుంది, ఇంకేం కావాలి? వణికే వణుక్కి అద్దంలో వెనకొచ్చే లారీ నాలుగు లారీల్లా కనబడేదని నడిపినవాళ్లు చెబుతారు. కాలుష్య నిబంధనలు బిగిసేసరికి 2000 ప్రాంతంలో దాని తయారీ ఆగిపోయింది. బాటిల్ పరీక్షలో నెగ్గినా పొగ పరీక్షలో తప్పింది.

సరే, ఇప్పటి సంగతికొద్దాం. మీరు ఏమీ మార్చకుండానే మీ బండి ఇంధనం మారిపోయిందని తెలుసు కదా? 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రధానమంత్రి ఇ20 పెట్రోలు ప్రారంభించారు. అంటే నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్. 2030కి చేరాలనుకున్న గురిని 2025కి జరిపారు, చేరారు కూడా. ఇప్పుడు మామూలు బంకులో మీరు కొట్టించుకునేది అదే. బాటిల్ పరీక్షలో ఇది పూర్తి మార్కులతో పాసైన ఇంధనం. అదే నాజిల్, అదే ట్యాంకు, అదే బల్ల. ప్రభుత్వానికి ఇది ముద్దొచ్చింది కూడా అందుకే. కొత్త బంకు కట్టక్కర్లేదు, కొత్త బండి కొనండని జనానికి చెప్పక్కర్లేదు, అడగనూ అక్కర్లేదు.

నాకున్న పేచీ ఆ చివరి మాటతోనే. లీటరు పెట్రోల్లో ఉన్న శక్తిలో ఇంచుమించు మూడింట రెండు వంతులే లీటరు ఇథనాల్లో ఉంటుంది. ఐదో వంతు అది కలిస్తే మొత్తం మీద నూటికి ఆరేడు పాళ్లు శక్తి తగ్గాలి. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ కాబట్టి, దానికి తగ్గట్టు కట్టిన ఇంజను కొంత రాబట్టుకుంటుంది. పాత లెక్కన తయారైన ద్విచక్ర వాహనాలకి మూడు నాలుగు శాతం మైలేజీ తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021లోనే రాసింది. మూడు శాతమే కదా అంటారు. లీటరుకి అరవై వచ్చే బండికి రెండు కిలోమీటర్లు. రోజుకి డెబ్భై ఎనభై కిలోమీటర్లు తిరిగి పాలు పోసేవాడికి ఆ రెండు కిలోమీటర్లూ లెక్కే.

బ్రెజిల్‌లో 1975 నుంచీ చెరకు ఇథనాల్ పథకం నడుస్తోంది. అక్కడ బంకులో రెండు నాజిళ్లు, రెండు ధరల బోర్డులు. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో డెబ్భై శాతం లోపు ఉంటే ఇథనాల్, దాటితే పెట్రోలు. ఈ లెక్క అక్కడ మామూలు జనానికి కంఠతా వచ్చు. హోండా 2009లో ప్రపంచంలోనే మొదటి ఫ్లెక్స్ ఫ్యూయల్ మోటార్ సైకిల్‌ని అమ్మింది అక్కడే. రెండింటిలో ఏది పోసినా, రెండూ కలిపి పోసినా నడుస్తుంది. చలి మరీ ఎక్కువగా ఉన్న పొద్దున ఇథనాల్ అంటుకోడానికి మొరాయిస్తుంది గనక ట్యాంకులో కాస్త పెట్రోలు ఉంచుకోమన్నారు, అంతే. మనకీ బండ్లు వచ్చాయి. 2019లో టీవీఎస్ ఇథనాల్‌తో నడిచే అపాచీ తెచ్చింది, 2024లో హోండా ఇ85 దాకా తట్టుకునే 300 సీసీ బండి తెచ్చింది. మరి ఆ ఇ85 మీ ఊళ్లో ఏ బంకులో దొరుకుతుంది? బండి ఉంది, బాటిల్ లేదు. ఇ20 దగ్గరేమో బాటిల్ ఉంది, ఎంచుకునే వీల్లేదు, ధరలో తగ్గింపూ లేదు. 2025లో జనం గోల పెట్టారు, వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, సెప్టెంబర్ 1న కోర్టు కొట్టేసింది. గోల పెట్టినవాళ్లలో కొందరు ఇంజన్లు పేలిపోతాయన్నంత దూరం వెళ్లారు, అది నేను నమ్మను. కానీ తక్కువ సరుక్కి అదే ధరెందుకని అడిగినవాళ్ల ప్రశ్నకి నాకు ఎక్కడా సరైన జవాబు కనబడలేదు.

ఇథనాల్ కథ బంకుతో ఆగదు. మొదట చెరకు మడ్డి నుంచి తీశారు, సరిపోక నూకలు, బియ్యం, మొక్కజొన్న దాకా వచ్చారు. టన్ను మొక్కజొన్నకి 380 లీటర్ల దాకా వస్తుంది. అంటే పది లీటర్ల ట్యాంకు నింపితే, అందులో రెండు లీటర్ల ఇథనాల్ కోసం ఐదు కిలోల పైచిలుకు గింజలు. పిప్పి దాణాగా తిరిగొస్తుంది, నిజమే. అయినా మొక్కజొన్న ధర పెరిగిందని కోళ్ల ఫారాలవాళ్లు లబోదిబోమన్నారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, మోటార్ సైకిల్ దాహం కోడిగుడ్డు మీద పడింది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందు వరసలో ఉన్న రాష్ట్రాలు మనవి, మనకి తగలకుండా ఎలా ఉంటుంది? ఇక ఫ్యాక్టరీల సంగతి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊళ్లు కదిలాయి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో జనం జాతీయ రహదారి మీద కూర్చుంటే పనులు ఆపాల్సి వచ్చింది. 2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్ద ధన్వాడ వంతు. నీళ్లు, వాసన, పంట, ఈ మూడే వాళ్ల భయం. పచ్చని ఇంధనం అని నగరంలో అనుకుంటాం. అది తయారయ్యేచోట ఊరు ఏమంటుందో కూడా విన్నాక ఆ పేరు పెడితే బాగుండేది.

అన్నట్టు మా విజయవాడ ఆటోనగర్‌లో నేనెప్పుడూ వెళ్లే మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఇ20 గురించి ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. “ఇంజెక్షన్ బండికి ముక్కుంది మాస్టారూ, కార్బురేటర్ బండికి లేదు.” నిజం. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్ల సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సార్ ఉంటోంది. పొగ వాసన చూసి, ఇంధనం ఎంత పొయ్యాలో కంప్యూటర్ సర్దుకుంటుంది. కార్బురేటర్‌లో జెట్టు కన్నం ఎంతుందో అంతే. ఇథనాల్‌కి అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి, కన్నం పెరగదు, మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది, పొద్దున్నే స్టార్ట్ అవడానికి మారాం చేస్తుంది. పైగా ఇథనాల్ గాల్లో తడిని లాక్కుంటుంది. కోస్తా వానాకాలంలో మూత సరిగా లేని ట్యాంకుతో నెలల తరబడి నిలబెడితే, తడి హద్దు మీరినప్పుడు నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. ట్యాంకు నుంచి ఇంజనుకి గొట్టం వెళ్లేది ఆ అడుగు నుంచే.

ఇక గ్యాసు. 2024 జులై 5న పుణెలో బజాజ్ ‘ఫ్రీడమ్ 125’ అనే సీఎన్‌జీ మోటార్ సైకిల్‌ని విడుదల చేసినప్పుడు ప్రపంచంలోనే మొదటిదన్నారు. సీటు కింద రెండు కిలోల గ్యాసు పట్టే సిలిండరు, ముందు రెండు లీటర్ల పెట్రోలు ట్యాంకు, హ్యాండిల్ మీద ఒక మీట. గ్యాసు అయిపోతే మీట నొక్కండి, పెట్రోలు మీద వెళ్లిపోండి. కిలో గ్యాసుకి వంద కిలోమీటర్లు దాటుతుందని కంపెనీ మాట. నాకు ఈ బండిలో ముచ్చటేసింది ఆ చిన్న ట్యాంకే. గ్యాసు బాటిల్లో పట్టదని తయారుచేసినవాళ్లకి తెలుసు, అందుకే బాటిల్‌ని బండిలోనే కట్టేశారు.

సీఎన్‌జీ అంటే మామూలు గాలి ఒత్తిడికి 200 రెట్లు కుక్కిన గ్యాసు. దానికి బలమైన సిలిండరు కావాలి, మూడేళ్లకోసారి దానికి పరీక్ష చేయించాలి, నింపడానికి ప్రత్యేకమైన బంకు కావాలి. ఆ బంకు దగ్గర ఆటోల వరస ఎంతుంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ వరసలో మోటార్ సైకిల్ మీద ఎండలో నిలబడి రెండు కిలోలు నింపించుకునే ఓపిక ఎవరికుంటుందో వాళ్లకే ఈ బండి. కోనసీమవాళ్లకి ఇక్కడ ఒక చేదు ఉంది. గ్యాసు వాళ్ల కాళ్ల కిందే ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. రాత్రిళ్లు దీపం లేకుండా పుస్తకం చదువుకునేంత వెలుగని చెప్పుకునేవారు. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో గ్యాసు గొట్టం పేలి ఓ మూలంతా బూడిదైంది, మనుషులు పోయారు. ప్రమాదం వాళ్లకి గుమ్మంలో, ఇంధనం గొట్టాల్లో పడి ఎక్కడెక్కడికో. కనీసం ఆ జిల్లా కుర్రాడు గ్యాసు బండి కొంటే నింపుకోడానికి ఊరూరా బంకు ఉండాలని నేను పట్టుబడతాను.

అసలు సిసలు మాట కరెంటు. కరెంటు బాటిల్లో పట్టదు, నిజమే. కానీ పెట్రోలు ఎప్పుడూ చెయ్యని పని అది చేసింది. ఇంటికొచ్చి కూర్చుంది. బంకు మన గోడలో ఉంది. లెక్కలో ఇది ఎంత తేడానో చూడండి. లీటరు పెట్రోల్లో తొమ్మిది యూనిట్ల కరెంటుకి సరిపడా శక్తి ఉంది. లీటరుకి యాభై ఇచ్చే బండి వంద కిలోమీటర్లకి రెండు లీటర్లు, అంటే పద్దెనిమిది యూనిట్లు మింగుతుంది. అందులో ముప్పాతిక భాగం ఇంజను వేడిగా, సైలెన్సరు పొగగా గాల్లో కలుస్తుంది. కరెంటు స్కూటరు అదే వంద కిలోమీటర్లు మూడు నాలుగు యూనిట్లతో వెళ్తుంది. డబ్బుల్లో చెప్పాలంటే పెట్రోలు రెండు వందల రూపాయల పైన, కరెంటు ఇరవై నుంచి ముప్పై. ఇంత తేడా కనబడుతుంటే ఎవరైనా ఎందుకు ఆగుతారు? ఆగడం లేదు. 2024-25లో దేశంలో అమ్ముడైన ద్విచక్ర వాహనాల్లో నూటికి ఆరు కరెంటువి, పదకొండు లక్షల పైమాట. వాటిలో ఇంచుమించు అన్నీ స్కూటర్లే. పాత పేర్లు కూడా ప్లగ్గు పట్టుకుని తిరిగొచ్చాయి. 2020లో చేతక్, 2024లో లూనా. లూనా వెనక బియ్యం బస్తా కట్టుకుని తిరిగిన తరం ఆ పేరు వినగానే ఎంత మురిసిపోయిందో!

అయితే ఇల్లంటే ఎవరి ఇల్లు? ముందు వరండా ఉన్న సొంతింటివాడికి కరెంటు బండి వరం. అపార్టుమెంటులో మూడో అంతస్తువాడికి అది సెల్లార్‌లో యుద్ధం. బాల్కనీ నుంచి కిందకి వైరు వేలాడదీస్తే రెండో అంతస్తావిడ ఊరుకోదు. సెల్లార్‌లో ప్లగ్గు పెడితే బిల్లు ఎవరి ఖాతాలో అని మీటింగు. మీటింగులో ఒక పెద్దాయన లేచి సికింద్రాబాద్ హోటల్ అగ్నిప్రమాదం సంగతి తీస్తాడు. తియ్యడంలో తప్పు లేదు. 2022 సెప్టెంబర్‌లో కింద కరెంటు స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పై అంతస్తుల్లో ఎనిమిది మంది ఊపిరాడక పోయారు. అదే ఏడాది ఏప్రిల్‌లో మా విజయవాడలోనే పడగ్గదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయాడు. నిజామాబాద్‌లోనూ అదే నెలలో అలాగే జరిగింది. నాసిరకం సెల్స్, వేడిని పట్టించుకోని పెట్టె, పైన మన ఎండలు. ఆ ఏడాది చివరి నుంచి బ్యాటరీ నిబంధనలు గట్టిపరిచారు. ఒక సెల్ అంటుకున్నా మంట పక్కవాటికి పాకకుండా, ముందే హెచ్చరిక వచ్చేలా ఉండాలన్నారు. కాబట్టి పెద్దాయన భయాన్ని గౌరవిస్తాను గానీ దానికి తేదీ వేసుకోమంటాను. అయినా సరే, రెంటచింతల మే నెల మధ్యాహ్నం నలభై కిలోమీటర్లు తోలుకొచ్చి, దిగీదిగగానే ఛార్జింగ్ పెట్టకండి. బండిని కాసేపు నీడలో ఊరుకోనివ్వండి. పడగ్గదిలో మాత్రం ఎప్పటికీ వద్దు.

మరి కరెంటుకి బాటిల్ ఎవరు చేస్తారు? తైవాన్‌లో గొగోరో అనే కంపెనీ 2015లో చేసింది. రోడ్డు పక్క బీరువా, అందులో నిండిన బ్యాటరీలు. ఖాళీది పెట్టు, నిండినది తీసుకో, వెళ్లిపో. బెంగళూరులో హోండా కరెంటు యాక్టివాకి ఇదే పద్ధతి పెట్టింది. అందులో రెండు బ్యాటరీలు, ఒక్కోటి పది కిలోల బరువు, ఒక్కోదాంట్లో ఒకటిన్నర యూనిట్ల కరెంటు. ఇప్పుడు మన బల్ల మీది లీటరు బాటిల్‌ని పక్కన పెట్టి చూడండి. దాని బరువు ముప్పాతిక కిలో, లోపల తొమ్మిది యూనిట్లు. కరెంటు బాటిల్ అంత బరువున్నా ఒప్పుకుంటాను, ఒక కంపెనీ బాటిల్ ఇంకో కంపెనీ బండికి పట్టకపోవడం మాత్రం ఒప్పుకోలేను. ఛార్జింగ్ ప్లగ్గులకీ ఇదే తెగులు. కరెంటు స్కూటర్లు చేసే ఏథర్ వాళ్ల ప్లగ్గుని 2023లో భారత ప్రమాణాల సంస్థ తేలికపాటి వాహనాలకి ప్రమాణంగా ఒప్పుకుంది. అయినా అందరూ దాని మీదకి రాలేదు. పెట్రోలు ఏ కంపెనీ బండని అడగలేదు, అదీ దాని గొప్ప.

ఇదంతా స్కూటరు కథ. మోటార్ సైకిల్ దగ్గరికొస్తే కరెంటు కాస్త తడబడుతుంది. బుల్లెట్ మీద పదమూడు లీటర్లు నింపి నాలుగు వందల కిలోమీటర్లు వెళ్లేవాడు, అదే దూరం కరెంటు మీద ఆగకుండా వెళ్లాలంటే ఇరవై యూనిట్ల బ్యాటరీ కావాలి. ఇప్పుడున్న రకాల్లో అది నూరు కిలోలు దాటుతుంది. బెంగళూరు అల్ట్రావయొలెట్ బండిలో 10.3 యూనిట్ల బ్యాటరీ పెట్టారు, ఆ బరువూ ఆ ధరా చూస్తే దాన్ని రెట్టింపు చెయ్యడం ఎంత పనో తెలుస్తుంది. శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు బ్యాటరీ కళ్లముందే తరిగిపోతుంది. దిగేటప్పుడు మోటారే బ్రేకుగా మారి కొంత తిరిగి నింపుతుంది, పెట్రోలు బండికి ఆ విద్య లేదు. కానీ మధ్యలో నల్లమలలో ఆగిపోతే? అక్కడ బాటిలూ లేదు, ప్లగ్గూ లేదు, సిగ్నలు కూడా ఉండదు.

హైడ్రోజన్ ఆయనకి రెండు మాటలు. జపాన్‌లో హోండా, కవాసకి, సుజుకి, యమహా 2023లో చేతులు కలిపి చిన్న బండ్లకి హైడ్రోజన్ ఇంజను మీద పరిశోధన మొదలుపెట్టాయి. కవాసకి 2024లో సుజుకా రేసు ట్రాక్ మీద హైడ్రోజన్ మోటార్ సైకిల్‌ని నడిపి చూపించింది. దాని వెనక రెండు పక్కలా హైడ్రోజన్ డబ్బాలు పెట్టడానికి బీరువాల్లాంటి పెట్టెలు కట్టాల్సి వచ్చింది. కార్లలో ఈ గ్యాసుని సీఎన్‌జీకి మూడున్నర రెట్ల ఒత్తిడితో కుక్కుతారు. కిరాణా కొట్టు బల్ల మీద దాన్ని ఊహించుకోండి! అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడి సరుకు ఎరువులకీ, మిథనాల్‌కీ, విమానాలకీ, ఓడలెక్కి బయటికీ. మన స్ప్లెండర్‌కి కాదు.

హైడ్రోజన్‌ని బొగ్గుపులుసు గ్యాసుతో కలిపి ఫ్యాక్టరీలోనే పెట్రోలు తయారుచేసే పద్ధతి కూడా ఒకటుంది. బాటిల్ పరీక్షలో దీనికి తిరుగులేదు, ఎందుకంటే అది పెట్రోలే. మోటో జీపీ రేసుల్లో 2024 నుంచి ఇంధనంలో నలభై శాతం భూగర్భ చమురు కానిది ఉండాలన్నారు, 2027 నుంచి నూటికి నూరూ అలాగే ఉండాలట. అదే పోటీలవాళ్లు 2019లో మొదలుపెట్టిన కరెంటు బండ్ల పందేన్ని 2025తో ఆపేశారు. చూసేవాళ్లు రాలేదు. చప్పుడు లేని పందెం పందెంలా అనిపించలేదేమో, నాకూ అనిపించలేదు. అయితే ఫ్యాక్టరీ పెట్రోలుకి పోసిన కరెంటులో చక్రం దాకా చేరేది పదో వంతు, మహా అయితే ఇంకొంచెం. రేసులవాళ్లకీ, పాత బుల్లెట్‌ని కన్నకొడుకులా చూసుకునే ధనవంతులకీ అది చెల్లుతుంది.

ఇందాకటి మెకానిక్‌ని కరెంటు బండ్ల గురించి కూడా అడిగాను. “అవి మా దగ్గరకి రావు మాస్టారూ. వచ్చినా మేం విప్పలేం, విప్పితే వారంటీ పోద్దంట. క్లచ్చు లేదు, చైను లేదు, ఆయిలు లేదు, ఇంక నాకేం పని? పంక్చరు కొట్టోడు బతికిపోయాడు” అన్నాడు. ఆయన కొడుకు ఐటీఐలో ఎలక్ట్రికల్ చదువుతున్నాడు. “వాడికైనా బండి పెట్టె తెరిచే హక్కుంటే చాలు” అని కూడా అన్నాడు. ఇంధనం మారితే పొగ మారుతుందని అందరం మాట్లాడుకుంటాం గానీ, బండిని ఎవరు బాగు చెయ్యొచ్చో కూడా దానితోపాటే మారిపోతోంది. పెట్రోలు బండి ఆగితే రోడ్డు పక్కన తలుపు కొట్టేవాళ్లం. కరెంటు బండి ఆగితే ఫోను చేసి, ఒకటి నొక్కి, రెండు నొక్కి, బండి ఎక్కించుకెళ్లే వ్యాను కోసం కూర్చుంటున్నాం.

చివరికి ఏం కొనమంటారని అడుగుతారు, తెలుసు. ఇంటి ముందు ప్లగ్గుండి, రోజుకి ముప్పై నలభై కిలోమీటర్లు టౌన్లో తిరిగేవాళ్లు ఇంకా పెట్రోలు స్కూటరు కొనడంలో అర్థం లేదు. గ్యాసు బంకు దారిలోనే ఉండి, రోజూ వంద కిలోమీటర్లు తిరిగే వ్యాపారమైతే సీఎన్‌జీ బండి ఒకసారి తోలి చూడండి. పల్లెలో ఉంటే, కరెంటు రాత్రి ఎన్ని గంటలుంటుందో చూసుకుని నిర్ణయించుకోండి. లేదంటే ఇంకో పదేళ్లు వంద సీసీ పెట్రోలు బండే మీకు గతి, అదేమీ సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఇంట్లో పాత కార్బురేటర్ బండి ఉంటే ఎవరో భయపెట్టారని పాతసామాన్లవాడికి ఇవ్వకండి. పెట్రోలు గొట్టం, వాషర్లు ఇథనాల్‌ని తట్టుకునే రకానివి వేయించండి. మెకానిక్ చేత జెట్టు ఒకసారి చూపించండి. నెలల తరబడి నిలబెట్టాల్సి వస్తే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్ అడుగున ఉండే చిన్న స్క్రూ వదులుచేసి అందులోదీ వంపేయండి. తీసిన పెట్రోలు ఏం చెయ్యాలంటారా? పక్కింటివాళ్ల కొత్త ఇంజెక్షన్ బండిలో పోసెయ్యండి, అది సర్దుకుంటుంది. ముందు వాళ్లనొకమాట అడగండి.